‘పిక్ అప్’ అంటే ఎత్తుకోవడం ఒక్కటేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం పూట పెద్దవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పడం నా పని. విదేశాలకు వెళ్లబోయే నర్సులు, కాల్ సెంటర్‌లో కొత్తగా చేరిన కుర్రవాళ్లు, అమెరికాలో పుట్టిన మనవడిని చూడటానికి బయలుదేరుతున్న అమ్మమ్మలు, తాతయ్యలు మా తరగతికి వస్తారు. కాలాలు, వచనాలు వీళ్లను పెద్దగా ఏడిపించవు. ఏడిపించేవల్లా ‘పుట్ ఆఫ్’, ‘గెట్ ఆన్’, ‘పిక్ అప్’ లాంటి జంట మాటలు. వాటిలోనూ ‘పిక్ అప్’ మీద వచ్చినన్ని ప్రశ్నలు మరి దేని మీదా రాలేదు. దానికి కారణం ఉంది. ఈ మాట మనకు కొత్తది కాదు. పికప్ వ్యాను, పికప్ పాయింటు, బండి పికప్ అంటూ రోజూ నోట నలుగుతున్నదే. తెలిసిన దారే కదా అని చూడకుండా నడిచినచోటే కాలు జారుతుంది. తరగతిలో మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలను ఇక్కడ పోగు చేశాను.

ఈ మాటకు అసలు అర్థం ఏమిటి?

కింద ఉన్నదాన్ని వంగి చేత్తో పైకి తీయడం. నేల మీద పడిన పెన్ను తీయడం, చెట్టు కింద రాలిన కాయలు ఏరడం, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకోవడం, అన్నీ ‘పిక్ అప్’లే. ‘పిక్’ అనే మాట వెనక మొనదేలిన వస్తువు ఒకటి ఉంది: గుచ్చడం, పొడవడం, ముక్కుతో ఏరడం. పళ్ల సందుల్లో గుచ్చే పుల్ల టూత్‌పిక్ అయింది అందుకే. నేను తరగతిలో బల్ల మీద బొమ్మ గీయను కానీ, గింజ ఏరుకుంటున్న కోడిని తలచుకోమంటాను. గింజ నేల మీద ఉంది. కోడి వంగింది. గింజ పైకి వచ్చింది. ఇప్పుడు అది కోడిది. పైకి రావడం, మనదైపోవడం అనే ఈ రెండు సంగతులు పట్టుకుంటే, కింద వచ్చే అర్థాలన్నింటిలోనూ ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది.

నిఘంటువులో పదిహేను అర్థాలు ఉన్నాయి. అన్నీ బట్టీ పట్టాలా?

వద్దు. పట్టినా నిలవవు. దీని అర్థం దానిలో కన్నా పక్కన ఉన్న నామవాచకంలో ఎక్కువగా ఉంటుంది. పక్కన పెన్ను ఉంటే తీయడం, మనిషి ఉంటే వెంట తీసుకురావడం, వేగం ఉంటే పెరగడం, భాష ఉంటే నేర్చుకోవడం, జబ్బు ఉంటే సోకడం, బిల్లు ఉంటే కట్టడం. కాబట్టి వాక్యం వినగానే ‘పిక్ అప్’ దగ్గర ఆగిపోకండి, దాని పక్కన ఎవరు కూర్చున్నారో చూడండి.

ఇది మనకు వింత కాకూడదు. తెలుగులో ‘పట్టు’ను చూడండి. దొంగను పట్టారు, జలుబు పట్టింది, తుప్పు పట్టింది, బియ్యం డబ్బాలో పట్టాయి, రెండు గంటలు పట్టింది, కునుకు పట్టింది, వాసన పట్టింది. ఈ వరుస ఒక విదేశీయుడి ముందు పెడితే తల పట్టుకుంటాడు (ఇదిగో, ఇంకొకటి). మనం వీటిలో ఒక్కటి కూడా బట్టీ పట్టలేదు. వాక్యాలుగా విన్నాం, వాక్యాలుగానే వాడుతున్నాం. ‘పిక్ అప్’ను కూడా అలాగే, ఒక్కో నామవాచకంతో కలిపి ఒక్కో మాటగా గుర్తు పెట్టుకోవడం తేలిక.

అర్థాన్ని బట్టి దీనికి తెలుగులో సరిపోయే క్రియలు చాలానే ఉన్నాయి: తీయు, ఏరు, ఎత్తుకొను, ఎక్కించుకొను, అందుకొను, పుంజుకొను, అబ్బు, సోకు, పసిగట్టు. ఒక్క ‘ఎత్తుకొను’తో అన్నిచోట్లా పని జరిపించుకోవాలని చూస్తే ఏమవుతుందో కింది ప్రశ్నలో చూడండి.

మనుషులను ‘పిక్ అప్’ చేయడం అంటే ఏమిటి? అది మర్యాదేనా?

మర్యాదే. స్టేషన్‌కో బడికో బండి తీసుకుని వెళ్లి ఒకరిని ఎక్కించుకుని రావడం. ‘ఐ విల్ పిక్ యూ అప్ ఎట్ ఎయిట్’ అంటే ఎనిమిదింటికి వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తాను అని. దీన్ని మాటకు మాట తెలుగు చేస్తే మాత్రం ప్రమాదం. ‘మీ అమ్మాయిని ఎనిమిదింటికి ఎత్తుకెళ్తాను’ అని ఎవరైనా ఒక తండ్రితో అంటే పరిణామాలు వేరుగా ఉంటాయి. మనకు ఎత్తుకెళ్లడం అంటే దొంగతనం, లేదా అంతకన్నా పెద్ద నేరం.

చిత్రం ఏమిటంటే, ఒక్కచోట మాత్రం రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తాయి. పోలీసులు ఒకరిని పట్టుకెళ్లినప్పుడు ఇంగ్లీషు వాళ్లు ‘పిక్‌డ్ అప్’ అంటారు, మన ఊళ్లలో ‘పోలీసులు ఎత్తుకెళ్లారు’ అంటారు. పత్రిక మాత్రం ‘అదుపులోకి తీసుకున్నారు’ అని రాస్తుంది.

ఇంకో అర్థం కూడా తెలిసి ఉండాలి. బారులోనో పార్టీలోనో అప్పుడే కలిసిన వ్యక్తిని మాటలతో ఆకట్టుకుని వెంట తీసుకెళ్లడాన్ని కూడా ‘పిక్ అప్’ అనే అంటారు. అందుకని చోటు ముఖ్యం. ఒకామెను విమానాశ్రయంలో ‘పిక్ అప్’ చేశానంటే ఎవరూ ఏమీ అనుకోరు. అదే వాక్యంలో విమానాశ్రయం తీసేసి బారు పెడితే వినేవాళ్ల కనుబొమలు లేస్తాయి.

‘పిక్ మీ’ అంటే సరిపోదా? అందరూ అలాగే అంటున్నారు కదా?

మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, నిజమే. ‘పిక్ మీ ఫ్రమ్ ద స్టేషన్’ అని హైదరాబాదులో అంటే స్నేహితుడు బండి తీసుకుని వచ్చేస్తాడు. కానీ ‘అప్’ లేని ‘పిక్’కు ప్రామాణిక ఇంగ్లీషులో అర్థం ఎంచుకోవడం, లేదా కోయడం. పూలు పిక్ చేస్తారు, క్రికెట్ జట్టును పిక్ చేస్తారు. లండన్‌లో ఎవరితోనైనా ‘పిక్ మీ’ అన్నారనుకోండి, పదకొండు మందిలో నన్నూ వేసుకోండి అని అడిగినట్టు ఉంటుంది. చిన్న మాటే కానీ ‘అప్’ను మింగేయకండి.

‘డ్రాప్’ సంగతీ ఇలాంటిదే. ‘డ్రాప్ యూ’ అని మనం అనేచోట అమెరికావాళ్లు ఎక్కువగా ‘డ్రాప్ యూ ఆఫ్’ అంటారు. ఇక్కడ తోక లేకపోయినా అర్థమవుతుంది. పికప్ దగ్గర మాత్రం తోకే ప్రాణం.

మరి ఫోను? ‘లిఫ్ట్ చేయలేదు’ అనడం తప్పా?

తెలుగు వాక్యంలో తప్పేమీ లేదు. ‘ఫోను ఎత్తలేదు’ అన్నదే కొంత షోకు చేసుకుని ‘లిఫ్ట్ చేయలేదు’ అయింది. చిక్కంతా ఆ ‘లిఫ్ట్’ను తిరిగి ఇంగ్లీషులోకి తీసుకెళ్లినప్పుడే. ‘హి డిడ్ నాట్ లిఫ్ట్ ద ఫోన్’ అంటే బయటి దేశాలవాళ్లకు బియ్యం బస్తా ఎత్తలేకపోయినట్టు వినిపిస్తుంది. ‘లిఫ్ట్’లో బరువు ఉంది, శ్రమ ఉంది. ‘పిక్ అప్’లో ఆ రెండూ అవసరం లేదు. ఫోను విషయంలో ‘పిక్ అప్’ గానీ ‘ఆన్సర్’ గానీ వాడండి.

తీగ ఫోను రోజుల్లో రిసీవరు దాని పీట మీద పడుకుని ఉండేది. గంట మోగితే దాన్ని పైకి తీసేవాళ్లం. మాట అక్కడ పుట్టింది. ఇప్పుడు ఎవరూ ఏదీ పైకి తీయడం లేదు, అద్దం మీద వేలు జరుపుతున్నారు. అయినా ఇంగ్లీషులో ‘పిక్ అప్’ పోలేదు, తెలుగులో ‘ఎత్తడం’ పోలేదు.

ఇంకో సంగతి. ఫోను గురించి మాట్లాడుతున్నామని తెలిసినప్పుడు ‘ఫోన్’ అనే మాట చెప్పనక్కర్లేదు. ‘హి ఈజ్ నాట్ పికింగ్ అప్’ చాలు. మనమూ అంతే కదా, ‘రెండుసార్లు చేశాను, ఎత్తడం లేదు’ అంటాం.

‘పిక్ అప్ ఇట్’ అంటే మా అబ్బాయి నవ్వాడు. ఎందుకు?

ఈ ఒక్క తప్పు మా తరగతిలో నేను విన్నన్నిసార్లు మరే తప్పూ వినలేదు, కాబట్టి కొంచెం నిలిచి చూద్దాం.

కర్మ నామవాచకమైతే రెండు చోట్లా ఉండొచ్చు. ‘పిక్ అప్ ద పెన్’ అనవచ్చు, ‘పిక్ ద పెన్ అప్’ అనవచ్చు. కర్మ సర్వనామమైతే మాత్రం దాని చోటు ఒక్కటే, మధ్యలో. ‘పిక్ ఇట్ అప్’, ‘పిక్ హర్ అప్’, ‘పిక్ దెమ్ అప్’. ‘పిక్ అప్ ఇట్’, ‘పిక్ అప్ హర్’ అనేవి ఇంగ్లీషులో లేవు.

మనకు ఇది ఎందుకు పట్టుబడదంటే, తెలుగు జంట క్రియల మధ్య కర్మకు చోటు లేదు. ‘దాన్ని పట్టుకో’ అంటాం. ‘పట్టు దాన్ని కో’ అనం. మన చెవికి ‘పిక్’, ‘అప్’ ఒకే మాట, దాన్ని చీల్చి మధ్యలో ‘ఇట్’ను కూర్చోబెట్టడం అపచారంలా అనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ల చెవికి మాత్రం కొత్త సంగతి, బరువైన సంగతి వాక్యం చివరన ఉండాలి. ‘ఇట్’ అన్నది పాత సంగతి. అదేమిటో ఇద్దరికీ తెలుసు. దానికి చివరి కుర్చీ ఎందుకు? అందుకే మధ్యలోకి నెట్టి, ‘అప్’ను చివరన పలుకుతారు.

ఇదే లెక్క తిరగేస్తే ఇంకో సూత్రం వస్తుంది. కర్మ చాలా పొడవైతే దాన్ని మధ్యలో ఇరికించకూడదు. ‘నిన్న బల్ల మీద నేను మరిచిపోయిన పుస్తకాలు’ అన్నంత పొడవుంటే ‘పిక్ అప్’ రెండూ కలిపి ముందు చెప్పేసి, పుస్తకాల కథ తర్వాత చెప్పండి. లేకపోతే ‘అప్’ వచ్చేసరికి ‘పిక్’ ఎక్కడుందో వినేవాళ్లు మరిచిపోతారు.

అభ్యాసానికి ఒక చిట్కా: ఇంట్లో వస్తువు తీసిన ప్రతిసారీ ‘పిక్ ఇట్ అప్’ అని నోటితో అనండి. చెంచా, చెప్పు, రిమోటు, ఏదైనా. వారం తర్వాత ‘పిక్ అప్ ఇట్’ మీకే ఎబ్బెట్టుగా వినిపిస్తుంది.

నేర్చుకోవడం అనే అర్థంలో ‘లర్న్’కూ దీనికీ తేడా ఉందా?

ఉంది, చక్కటి తేడా. ‘లర్న్’లో గురువు ఉండొచ్చు, పుస్తకం ఉండొచ్చు, రుసుము కూడా ఉండొచ్చు. ‘పిక్ అప్’లో అవేమీ ఉండవు. దారిలో దొరికింది, ఏరుకున్నాం. తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాట ‘అబ్బడం’. బెంగళూరులో నాలుగేళ్లు ఉద్యోగం చేసిన తెలుగు కుర్రాడికి కూరల బజారులో కన్నడం అబ్బుతుంది. అత్తవారింటికి వెళ్లిన పిల్లకు అక్కడి యాస అబ్బుతుంది. మంచికే కాదు, చెడుకూ ఇదే మాట: హాస్టల్లో చేరాక సిగరెట్టు అలవాటైతే ఇంగ్లీషులో అదీ ‘పిక్ అప్’ చేసిందే. మనం దాన్ని ‘అంటుకుంది’ అంటాం.

ఒక ఉదాహరణ నాకు చాలా ఇష్టం. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండోలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో తండ్రి మాండోలిన్‌ను చేతిలోకి తీసుకున్నాడు. ఆయన గురించి ఇంగ్లీషులో రాసేవాళ్లు అక్కడ ‘పిక్‌డ్ అప్’ అంటారు. ఆ ఒక్క మాటలో వాయిద్యాన్ని చేత్తో తీయడం, వాయించడం మొదలుపెట్టడం రెండూ ఉన్నాయి. తెలుగులో ఈ రెండింటినీ ఒకే మాటలో చెప్పాలంటే ‘మాండోలిన్ పట్టాడు’ అనాలి. మళ్లీ ‘పట్టు’ దగ్గరికే వచ్చాం.

ఉద్యోగానికి పంపే వివరాల్లో మాత్రం జాగ్రత్త. మూడేళ్లు కూర్చుని చదివిన విషయాన్ని ‘పిక్ అప్’ చేశానని రాస్తే, దారిన పోతూ నేర్చుకున్నట్టు తేలిపోతుంది. ఇంటర్వ్యూలో ‘కొత్త పని త్వరగా పిక్ అప్ చేస్తాను’ అనడం మాత్రం బాగుంటుంది.

‘బండికి పికప్ తగ్గింది’ అంటాం. ఇది ఇంగ్లీషేనా, మనం పుట్టించిందా?

ఇంగ్లీషే. బండి త్వరగా వేగం అందుకునే శక్తిని పికప్ అనడం ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది. కానీ మన మెకానిక్కులు దాన్ని నిలబెట్టినంతగా ఇతరులు నిలబెట్టలేదు. ఇవాళ అమెరికాలో ‘పికప్’ అంటే మొదట గుర్తొచ్చేది వెనక తెరిచిన తొట్టి ఉండే బండి. ఫోర్డ్ కంపెనీ 1925లో తన మోడల్ టీ బండికి వెనక తొట్టి అమర్చి, ‘పికప్ బాడీ’ అన్న పేరుతోనే అమ్మింది. మన మార్కెట్ యార్డుల్లో కనిపించే బొలెరో పికప్ పేరులో ఉన్నది కూడా ఈ అర్థమే. మీ బండి సంగతి అమెరికాలో చెప్పాలంటే ‘యాక్సిలరేషన్’ అనండి, లేకపోతే మీ ట్రక్కు ఎక్కడ అని అడుగుతారు.

క్రియగా వేగంతో కలిసినప్పుడు తెలుగు మనకు మంచి మాటలే ఇచ్చింది. రైలు వేగం అందుకుంది. గాలి జోరందుకుంది. వ్యాపారం పుంజుకుంది. వానలు పడగానే పత్రికల్లో ‘వరి నాట్లు ఊపందుకున్నాయి’ అని వస్తుంది. ఇవన్నీ ఇంగ్లీషులో ‘పిక్‌డ్ అప్’తో సరిపోతాయి. ఇక్కడ ఒకటి గమనించండి: ఈ అర్థంలో కర్మ లేకపోయినా వాక్యం నిలుస్తుంది. గాలి దేన్నీ ఎత్తలేదు, తానే లేచింది. అలాంటప్పుడు మధ్యలో ఏదీ పెట్టకూడదు.

పికప్ అనే పేరు ఇంకో వస్తువుకూ ఉంది. ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద చిన్న పెట్టెలా కనిపించే భాగం. లోపల అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట ఉంటాయి. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో విద్యుత్తు పుడుతుంది, అదే యాంప్లిఫయర్‌కు వెళ్లి శబ్దమవుతుంది. తీగ కదలికను అందుకుంటుంది కాబట్టి పికప్. ఇందాక చెప్పుకున్న శ్రీనివాస్ వాయించినది కూడా ఎలక్ట్రిక్ మాండోలినే. మైకు గుసగుసను అందుకోవడం, రేడియో స్టేషన్‌ను అందుకోవడం, రాడార్ విమానాన్ని పసిగట్టడం, అన్నీ ఈ కుటుంబమే.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తున్నాం. ఈ మాట ఎక్కడెక్కడ ఎదురవుతుంది?

అడుగడుగునా. మా తరగతిలో పెద్దవాళ్లకు దీన్ని విడిగా ఒక రోజంతా చెబుతాను.

మొదటిది మందుల దుకాణం. మీ ‘ప్రిస్క్రిప్షన్’ పికప్‌కు సిద్ధంగా ఉందని ఫోనుకు సందేశం వస్తుంది. మనకు ప్రిస్క్రిప్షన్ అంటే డాక్టరు రాసిచ్చిన చీటీ. చీటీ మన చేతిలోనే ఉంది కదా, ఇంకోటి ఎందుకు అని ఒక పెద్దాయన రెండు రోజులు వెళ్లలేదట. అక్కడ ఆ మాట మందులకే వాడతారు. వెళ్లి మందులు తెచ్చుకోమని దాని అర్థం.

రెండోది బడి. సాయంత్రం పిల్లల కోసం కార్లు వరుసగా నిలబడతాయి, ఆ వరుసను ‘పికప్ లైన్’ అంటారు. ఇక్కడే ఒక తమాషా. కొత్తగా కలిసిన అమ్మాయిని ఆకట్టుకోవడానికి అబ్బాయి విసిరే తయారు మాటను కూడా ‘పికప్ లైన్’ అనే అంటారు. మీ అమ్మాయి ‘పికప్ లైన్‌లో ఉన్నాను’ అంటే కారులో కూర్చుని ఉందని. మీ మనవడు కాలేజీకి వచ్చాక ఒక ‘పికప్ లైన్’ చెప్పమంటారా అంటే వద్దని చెప్పండి.

మూడోది ఇల్లు. ‘పిక్ అప్ యువర్ రూమ్’ అని తల్లి పిల్లవాడిని కసిరితే గదిని ఎత్తమని కాదు, సర్దమని. ఇది అమెరికా వాడుక, బ్రిటన్‌లో ‘టైడీ అప్’ అంటారు. పార్కుల్లో కుక్క బొమ్మతో ‘పిక్ అప్ ఆఫ్టర్ యువర్ డాగ్’ అన్న బోర్డులు కనిపిస్తాయి. మీ కుక్క చేసిన గలీజును మీరే తీసి శుభ్రం చేయాలని. ‘ఆఫ్టర్’ చేరితే ఇంకొకరు పారేసినదాన్ని, పాడుచేసినదాన్ని సర్దడం అని అర్థం. మన ఇళ్లలో అమ్మలు జీవితమంతా చేసే పని ఇదే, దానికి తెలుగులో ఒక్క మాట లేదు.

ఇంకా చెత్త బండి వచ్చే రోజు ‘ట్రాష్ పికప్’. వచ్చే దారిలో పాలు ‘పిక్ అప్’ చేయమంటే కొనుక్కు రమ్మని. ఇక్కడ డబ్బు మీరే ఇవ్వాలి, ఉచితంగా ఎత్తుకు రావడం కాదు.

‘పిక్ అప్ ద బిల్’ అంటే?

బిల్లు కట్టడం. హోటల్లో బల్ల మీద పెట్టిన బిల్లును ఎవరు ముందు అందుకుంటారో వాళ్లే కడతారు. మన హోటళ్లలో దాని కోసం జరిగే పెనుగులాట చూసినవాళ్లకు ఇంకేమీ వివరించక్కర్లేదు. వార్తల్లో ప్రభుత్వమో బీమా సంస్థో ఖర్చు భరించడాన్ని కూడా ఇలాగే రాస్తారు.

‘పిక్ అప్ ఆన్’ అని ఇంకో మాట కూడా ఉందా?

ఉంది, దీన్ని వేరే మాటగానే చూడండి. ఎదుటివాళ్లు పైకి చెప్పనిదాన్ని పసిగట్టడం. ఇంట్లో ఇద్దరూ అలిగి ఉన్నారని వచ్చిన చుట్టం గ్రహిస్తే, అది ‘పిక్ అప్ ఆన్’. మన ‘పసిగట్టడం’లోనూ వేట ఉంది: పసి అంటే వాసన, కుక్క వాసన పట్టడమే పసిగట్టడం. ఇంగ్లీషులో కూడా కుక్క వాసనను ‘పిక్ అప్’ చేస్తుంది. రెండు భాషలూ ఒకే కుక్క వెంట పరుగెత్తాయి. ఈ మూడు మాటలను విడదీయకండి, కర్మ ఎప్పుడూ ‘ఆన్’ తర్వాతే.

జలుబు కూడా ‘పిక్ అప్’ చేస్తారా?

చేస్తారు. విమానంలోనో ఆస్పత్రిలోనో సోకిందని చెప్పడానికి. నర్సులు గుర్తుంచుకోవలసింది: సంభాషణలో ఇది చెల్లుతుంది. రోగి రికార్డులో ‘కాంట్రాక్టెడ్’, ‘అక్వైర్డ్’ లాంటి మాటలే రాయాలి. అంటుకోని జబ్బులకు ఇది పనికిరాదు, మధుమేహాన్ని ఎవరూ ‘పిక్ అప్’ చేయరు.

ఎలా పలకాలి?

విడివిడిగా ‘పిక్’, ‘అప్’ అని కాదు. కలిపేయండి: ‘పికప్’. భూతకాలంలో ‘పిక్టప్’. మధ్యలో ‘ఇట్’ వస్తే ‘పికిటప్’. మనకు సంధులు తెలుసు కదా, ఇదీ అలాంటిదే. క్రియగా వాడినప్పుడు ఊనిక ‘అప్’ మీద పడుతుంది. వస్తువు పేరుగా, అంటే బండిగానో గిటారు భాగంగానో వాడినప్పుడు ‘పిక్’ మీద పడుతుంది. రాతలోనూ అంతే: క్రియ రెండు మాటలు, పేరు ఒక మాట, లేదా మధ్యలో చిన్న గీత.

ఆఫీసు ఉత్తరాల్లో వాడవచ్చా?

సహోద్యోగికి రాసే మెయిల్లో నిరభ్యంతరంగా. ‘నిన్న ఆపినచోటి నుంచి అందుకుందాం’ అనడానికి ‘పిక్ అప్ వేర్ వియ్ లెఫ్ట్ ఆఫ్’ కన్నా సహజమైన మాట ఇంగ్లీషులో లేదు. కానీ కోర్టుకు, బ్యాంకుకు, పై అధికారికి రాసేటప్పుడు సందర్భాన్ని బట్టి ‘కలెక్ట్’, ‘రెజ్యూమ్’, ‘డిటెక్ట్’ వాడటం మేలు. వరస కలిసినవాళ్లతో ఒక భాష, దస్తావేజుకు ఒక భాష మనకూ ఉన్నాయి.

‘పిక్ అవుట్’, ‘పిక్ ఆన్’, ‘టేక్ అప్’ ఇవన్నీ ఒకటేనా?

కావు. ‘పిక్ అవుట్’ అంటే గుంపులోంచి ఒకటి ఎంచడం: పెళ్లి చీర ఎంచుకోవడం, గుంపు ఫోటోలో చిన్నాన్నను గుర్తుపట్టడం. ‘పిక్ ఆన్’ అంటే ఒకరినే పనిగట్టుకుని ఏడిపించడం. బడి నుంచి ఏడుస్తూ వచ్చిన పిల్ల ఈ మాట అంటే తేలిగ్గా తీసుకోకండి. ‘టేక్ అప్’ అంటే ఒక పనిని కావాలని మొదలుపెట్టడం. కుట్టుపని నేర్చుకుందామని మిషను కొన్నారంటే ‘టేక్ అప్’. అమ్మ పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ వచ్చేసిందంటే ‘పిక్ అప్’.

ఇంగ్లీషులో ఇలాంటి మాటలు ఎందుకింత ఎక్కువ?

మీకే కాదు, నిఘంటువు రాసినవాళ్లకూ ఇది తలనొప్పే. సామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలో, క్రియ వెనక చిన్న మాట చేరి అర్థం మారిపోయే ఈ పద్ధతి పరభాషల వాళ్లకు అన్నిటికన్నా కష్టమని ఒప్పుకున్నాడు. అప్పటికి వీటికి ఖాయమైన పేరు కూడా లేదు. ఇవాళ మనం వాడే ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో వెలువరించిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. అంటే పేరు పుట్టి వందేళ్లు, మాటలు మాత్రం ఎన్నో వందల ఏళ్ల నాటివి.

మన దగ్గర ఈ పని క్రియ తోక చేస్తుంది. ‘పడు’, ‘వేయు’, ‘పెట్టు’, ‘కొను’ వెనక చేరితే చాలు: కనుక్కోవడం వేరు, కనిపెట్టడం వేరు, కనబడటం వేరు. ‘కను’ అంటే చూడటం అని మాత్రమే నేర్చుకున్న విదేశీయుడు ఈ మూడింటి ముందు ఎలా నిలబడతాడో, ‘పిక్’, ‘అప్’ విడివిడిగా నేర్చుకున్న మనం అలా నిలబడ్డాం.

తెలుగులో రాసేటప్పుడు ‘పికప్ చేసుకోవడం’ అని రాయవచ్చా?

మాటల్లో అందరం అంటాం. రాతలో నాకు నచ్చదు. చుట్టాన్ని స్టేషన్ నుంచి తీసుకొస్తాం, బస్సు ప్రయాణికులను ఎక్కించుకుంటుంది, పార్సిల్ తెచ్చుకుంటాం, అమ్మకాలు పుంజుకుంటాయి. ఇన్ని మాటలు చేతిలో ఉండగా ‘పికప్ చేసుకోవడం’ ఎందుకు? పికప్ వ్యాను, పికప్ పాయింటు లాంటి పేర్ల జోలికి మాత్రం పోను. అవి తెలుగైపోయాయి.

‘పిక్ మీ అప్’ అనే పేరుతో తినుబండారం ఉందట, నిజమేనా?

ఇటలీ వాళ్ల తిరమిసు. కాఫీ, కోడిగుడ్లు, మీగడలాంటి జున్ను కలిపి చేసే తీపి వంటకం. వాళ్ల భాషలో ఆ పేరుకు ‘నన్ను పైకి లాగు’ అని అర్థం. నీరసంగా ఉన్నప్పుడు ప్రాణం లేచి వచ్చేలా చేసే దేన్నైనా ఇంగ్లీషులో ‘పిక్ మీ అప్’ అంటారు, ఎక్కువగా పానీయాన్ని. మా తరగతిలో ఆ హోదా ఏడున్నరకు వచ్చే అల్లం టీది.